తిరుగు టైమ్ రాసుకున్నారా?

నార్వే సముద్రతీరపు కొండల్లో ఒక ట్రెక్. శిఖరానికి గంట దూరంలో ఆగిపోయాం. ఉద్యోగాల వేటలో ఉన్న మీకు అక్కడ విన్న ఒక ప్రశ్న పనికొస్తుందని ఈ కథ చెబుతున్నా.

‘‘మీ తిరుగు టైమ్ ఎంత?’’ అని హాస్టల్ కౌంటర్ దగ్గర ఆవిడ అడిగింది. ఎల్లుండి సాయంత్రం ఓస్లో రైలు టైమ్ చెప్పాను. ఆవిడ నవ్వి, ‘‘రైలు కాదు. రేపు కొండమీద ఎన్ని గంటలకు వెనక్కి తిరుగుతారు?’’ అంది. నేనూ, మా రూమ్మేటూ మొహాలు చూసుకున్నాం. కొండెక్కేది పైకి చేరడానికి కదా, వెనక్కి తిరగడానికి టైమ్ ఎందుకు?

ప్రాజెక్టు పనిమీద మూడు నెలలు ఓస్లోలో ఉన్నప్పటి సంగతిది. సెప్టెంబరు మొదట్లో ఒక వీకెండ్ కలిసొచ్చింది. దోంబోస్‌లో రైలు మారి, అక్కణ్నుంచి 114 కిలోమీటర్ల రౌమా లైన్‌లో చివరి స్టేషన్ దాకా వెళ్లాం. ఆ ఊరి పేరు ఓందాల్స్‌నెస్. రైలు దిగి నాలుగడుగులు వేస్తే సముద్రం. తల పైకెత్తితే కొండ. మధ్యలో మైదానం అంటూ పెద్దగా ఏమీ లేదు.

సముద్రం లోపలికొచ్చిన చోటు

ఫియోర్డ్ అంటే స్కూల్లో చదువుకునే ఉంటారు. మంచుయుగంలో హిమానీనదాలు కొండల్ని లోతుగా కోసేశాయి. మంచు కరిగాక ఆ లోయల్లోకి సముద్రం వచ్చి నిండింది. నార్వేలో అతి పెద్దదైన సోగ్నెఫియోర్డ్ దేశం లోపలికి 205 కిలోమీటర్లు వెళ్తుంది. లోతు 1,300 మీటర్ల పైనే.

ట్రెక్కింగ్ చేసేవాళ్లకు దీనివల్ల ఒక చిక్కు. ఇక్కడి కొండల ఎత్తు కాగితం మీద చిన్నగా కనిపిస్తుంది. 1,200 మీటర్లంటే హిమాలయాల కథలు విన్న మనకు లెక్కే కాదు. కానీ హిమాలయాల్లో చాలా ట్రెక్‌లు ఎత్తైన ఊళ్ల నుంచే మొదలవుతాయి. ఇక్కడ చాలాచోట్ల సున్నా నుంచే లెక్క. పైగా అట్లాంటిక్ మీంచి వచ్చే తేమగాలి ఈ కొండల్ని తాకి పైకి లేచి వానైపోతుంది. పొద్దున ఎండ ఉందని మధ్యాహ్నం కూడా ఉంటుందన్న గ్యారంటీ లేదు.

మేం ఎంచుకున్నది రోమ్స్‌డాల్సెగ్గెన్. పెంకుటింటి కొప్పు ఎలా ఉంటుందో ఊహించుకోండి. అలాంటి కొప్పు మీద, రెండువైపులా లోయలు చూస్తూ నడవాలి. దారి సుమారు 10 కిలోమీటర్లు, ఎక్కాల్సింది 970 మీటర్ల వరకు. అన్నిటికన్నా ఎత్తైన చోటు 1,200 మీటర్లు దాటుతుంది. పొద్దున బస్సు వెంగెదాలెన్ అనే లోయలో దించుతుంది. అక్కణ్నుంచి కొండమీదుగా నడుచుకుంటూ మళ్లీ ఊళ్లోకి, అంటే సముద్రమట్టానికి దిగాలి. అలిపిరి మెట్లు ఎక్కినవాళ్లకు ఎక్కడం గురించి తెలుసు. మోకాళ్ల సంగతి తెలిసేది మాత్రం దిగేటప్పుడే.

మన ఇంజినీరింగ్ లెక్క

వెళ్లేముందు నేనో లెక్క వేశాను. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు ఒక సూత్రం చెప్పాడు. ఐదు కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. మా దారికి వేస్తే దాదాపు మూడున్నర గంటలొచ్చింది. స్థానికులు మాత్రం ఆరు నుంచి ఎనిమిది గంటలన్నారు. ‘‘ఫొటోలు తీసుకునేవాళ్లకి అంత పడుతుందిలే మామా’’ అన్నాను రూమ్మేట్‌తో.

సూత్రం తప్పు కాదు. రాళ్లు, బురద, రెండు చేతులూ వాడి ఎక్కాల్సిన చోట్లు, భయం అందులో ఉండవు. ‘రెండు నెలల్లో సిలబస్ అయిపోతుంది’ అని మీరు గోడకు అంటించిన టైమ్‌టేబుల్ కూడా ఇలాంటి లెక్కే. పేజీల్ని రోజులతో భాగించాం. జ్వరం, అక్క పెళ్లి, అర్థంకాని చాప్టర్ అందులో లేవు.

కౌంటర్ దగ్గరి ఆవిడ మా లెక్క విని, ‘‘ఒంటిగంట అని రాసుకోండి. అప్పటికి పైన లేకపోతే ఇక వెళ్లొద్దు’’ అంది. రూమ్మేట్ చేతిమీద పెన్నుతో ‘1’ అని రాసుకున్నాడు. నేను రాసుకోలేదు.

ఒంటిగంటకి

పొద్దున పదింటికి మొదలుపెట్టాం. మొదటి గంట బాగానే నడిచింది. తర్వాత నిలువు ఎక్కుడు. నావి పరుగుకు వాడే బూట్లు, తడి రాయి మీద జారుతున్నాయి. కొప్పు మీదకు చేరేసరికి పన్నెండు దాటింది. కింద ఫియోర్డ్ నీళ్లు, ఎదురుగా ట్రోల్‌వెగ్గెన్. నిలువునా వెయ్యి మీటర్ల రాతిగోడ, ఐరోపాలో అంతకన్నా ఎత్తైన నిలువు గోడ లేదంటారు. పావుగంట చూశామో లేదో పడమటి నుంచి మబ్బు వచ్చి అన్నిటినీ మింగేసింది.

ఒంటిగంటయ్యింది. మ్యాప్‌లో చూస్తే ఎత్తైన చోటు ఇంకో గంట దూరం. దారిలో కష్టమైన భాగం ముందే ఉంది. చినుకులు మొదలయ్యాయి.

‘‘ఒంటిగంట మామా’’ అన్నాడు వాడు చెయ్యి చూపించి.

‘‘ఇంత దూరం వచ్చాం కదరా! రైలు టికెట్లు, హాస్టల్, ఇంకొక్క గంట...’’

‘‘నిన్న రాత్రి హాయిగా కూర్చుని ఆలోచించినప్పుడు ఒంటిగంటన్నాం. ఇప్పుడు తడిసి, అలిసిపోయి ఆలోచిస్తున్నాం. ఏ ఆలోచన కరెక్ట్?’’

నా దగ్గర జవాబు లేదు. కోపం మాత్రం ఉంది. తిట్టుకుంటూనే వెనక్కి తిరిగాను. వచ్చిన దారినే దిగడానికి రెండున్నర గంటలు పట్టింది. రెండుసార్లు జారిపడ్డాను. మమ్మల్ని దించిన బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. రోడ్డు మీద వానలో నడుస్తుంటే వెనకే కొండ దిగివచ్చిన పెద్దవయసు దంపతులు కారు ఆపి ఎక్కించుకున్నారు. వాళ్లూ మధ్యలోనే తిరిగొచ్చారట. ‘‘ఇది మూడోసారి. పైదాకా వెళ్లింది ఒక్కసారే’’ అన్నాడాయన మామూలుగా. ఆ గొంతులో ఓడిపోయిన బాధ ఏమీ లేదు.

రూల్‌గా రాసిపెట్టుకున్నారు

నార్వేలో కొండలకు వెళ్లేవాళ్లకు తొమ్మిది సూత్రాలున్నాయి. 1868లో పుట్టిన నార్వే ట్రెక్కింగ్ సంఘం, రెడ్‌క్రాస్ కలిసి వీటిని జనంలోకి తీసుకెళ్లాయి. 1950ల్లో మొదలైనా, 1967 ఈస్టర్ సెలవుల్లో కొండల్లో 18 మంది చనిపోయాక గట్టిగా ప్రచారం చేశారు. 2016లో తిరగరాశారు. వెళ్లే దారి ఎవరికైనా చెప్పి వెళ్లండి, శక్తికి తగ్గ దారి ఎంచుకోండి, వాతావరణం చూడండి... ఇలా సాగుతాయి. ఎనిమిదోది మా కథ: సమయం మించకముందే తిరగండి, అందులో సిగ్గుపడాల్సింది లేదు.

మేం ముందుకెళ్లినా ఏమీ అయ్యేది కాదేమో. ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. వెనక్కి తిరగడంలో ఉన్న చిక్కే అది. చేసింది సరైనదని రుజువు దొరకదు.

అదే లోయలో మాన్నెన్ అనే కొండ ఉంది. దాని ఒక భాగం, వెస్లెమాన్నెన్, కొద్దికొద్దిగా జారుతోందని రాడార్లు, సెన్సర్లతో ఏళ్లతరబడి కనిపెట్టుకుని కూర్చున్నారు. కదలిక వేగం పెరిగినప్పుడల్లా కింద ఇళ్లవాళ్లను ఖాళీ చేయించేవారు. 2014 నుంచి అలా 16 సార్లు. వెళ్లడం, కొండ పడకపోవడం, మళ్లీ ఇంటికి రావడం. విసుగెత్తదా మరి? చివరికి 2019 సెప్టెంబరు 5 రాత్రి అది కూలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

సివిల్, జియాలజీ, ఈసీఈ, డేటా సైన్స్ చదివేవాళ్లు ఈ రంగాన్ని ఒకసారి చూడండి. 1934లో తాఫియోర్డ్‌లో కొండచరియ నీళ్లలో పడి లేచిన అలలకు 40 మంది చనిపోయారు. ఇప్పుడు అలాంటి కొండల్ని అక్కడ పగలూరాత్రీ పరికరాలతో గమనిస్తున్నారు. రాడార్ సిగ్నల్ చదవడం, ఎప్పుడు హెచ్చరించాలో తేల్చడం పూర్తిస్థాయి ఇంజినీరింగ్ పని. కొండచరియల బెడద మన దేశంలోనూ ఉంది.

అశోక్‌నగర్‌లో నా ఒంటిగంట

బీటెక్ అయ్యాక నేను హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి ప్రిపేరయ్యాను. ఒక ఏడాది అనుకున్నాను. నోటిఫికేషన్ కోసం చూస్తూ రెండున్నరేళ్లయ్యింది. ప్రిపేరవడం తప్పు అనను. నాతో చదివినవాళ్లలో ఉద్యోగం కొట్టినవాళ్లూ ఉన్నారు. నా తప్పు వేరే. ఎక్కడ ఆగి చూసుకోవాలో మొదటిరోజు రాసుకోలేదు. రెండేళ్ల తర్వాత ‘ఇంత చదివాం కదా, ఇంకొక్కసారి’ అన్నది ప్లాన్ కాదు. అది ఆ కొండమీద నేనన్న మాటే. చివరికి ఆపింది కూడా నేను కాదు, ఇంట్లో డబ్బులైపోవడం. కోడింగ్ నేర్చుకుని ఉద్యోగంలో చేరినా, ‘ఓడిపోయి వచ్చాను’ అన్న ముల్లు చాలాకాలం గుచ్చుకుంది.

గేట్, గ్రూప్స్, బ్యాంక్స్, విదేశీ ఎంఎస్... దేనికైనా మొదలుపెట్టే రోజే మూడు రాసుకోండి. ఏ తేదీకి ఆగి చూసుకుంటారు, అప్పటికి మాక్ టెస్టుల్లో ఎంత రావాలి, రాకపోతే ఏ దారిలో దిగుతారు. ఆ కాగితం ఇంట్లో ఒకరికి, ఒక ఫ్రెండ్‌కి ఇవ్వండి. ఆ ఫ్రెండ్ మిమ్మల్ని మెచ్చుకునేవాడు కాకుండా, టైమైనప్పుడు చెయ్యి చూపించేవాడైతే మంచిది.

వెళ్లే అవకాశం వస్తే...

- మొదటిసారే రోమ్స్‌డాల్సెగ్గెన్ వద్దు. ప్రెకెస్తూలెన్‌తో మొదలుపెట్టండి. లీసెఫియోర్డ్ మీద 604 మీటర్ల ఎత్తున ఉన్న రాతి బల్ల. రానూపోనూ 8 కిలోమీటర్లు, నాలుగు గంటలు. దారిలో నేపాల్ షెర్పాలు కట్టిన రాతిమెట్లున్నాయి. ట్రోల్‌తుంగా దాకా వెళ్లాలంటే షెగ్గెదాల్ నుంచి రానూపోనూ 27 కిలోమీటర్లు, రోజంతా పని.
- రాళ్లమీద ఎర్రటి ‘టీ’ గుర్తులు దారి చూపిస్తాయి. అయినా మ్యాప్ ఉండాలి.
- కాటన్ బట్టలు తడిస్తే ఆరవు, చలి పట్టేస్తుంది. లోపల ఉన్ని, పైన వానకోటు, గ్రిప్ ఉన్న బూట్లు. వీటి దగ్గర కక్కుర్తి పడొద్దు.
- వాతావరణానికి ‘యర్’ యాప్ చూడండి. మన ఊళ్లకూ పనిచేస్తుంది.
- చదువుకు వెళ్లాలనుకుంటే: ఐరోపా బయటి విద్యార్థులకు 2023 నుంచి అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజులు మొదలయ్యాయి. పాత వీడియోలు చూసి ‘ఫ్రీ’ అనుకోవద్దు. పీహెచ్‌డీ మాత్రం అక్కడ జీతం వచ్చే ఉద్యోగం.

మర్నాడు పొద్దున రైలుకు ఇంకా టైముంది. ఊళ్లోంచే దారి ఉన్న రాంపెస్ట్రెకెన్ ఎక్కాం. 537 మీటర్లు, కొండ అంచు దాటి గాల్లోకి చొచ్చుకొచ్చిన ఇనుప వంతెన. ఈసారి పెన్ను నేనే తీసి చేతిమీద ‘11’ అని రాసుకున్నాను. పదిన్నరకే చేరాం. కింద ఫియోర్డ్, ఊరు, రైలు స్టేషన్ అన్నీ కనిపించాయి. పైన కొప్పు ఇంకా మబ్బులోనే ఉంది. మళ్లీ రావాలి.