దూన్ లోయ పిలుపు

మనిషి పుట్టిన ఊరిని ఊరకే విడిచిపెట్టడు. బతుకుతెరువు కోసమో, పిల్లల చదువు కోసమో, ఆరోగ్యం కోసమో మరొక చోటికి తరలిపోతాడు. సాధారణంగా ఈ వలసలు మహానగరాల వైపు సాగుతాయి. అయితే మహానగరపు రద్దీ గాని, పల్లెలోని వసతుల కొరత గాని అంతగా లేని మధ్యతరహా కొండ నగరాలు కూడా ఎందరినో ఆకర్షిస్తున్నాయి. ఉత్తరాఖండ్ రాష్ట్రంలోని డెహ్రాడూన్ అటువంటి నగరాలలో ఒకటి. జనులు అక్కడికి ఎందుకు తరలివస్తున్నారు, ఆ రాక వల్ల నగరం ఏమవుతున్నది అనే రెండు విషయాలను కలిపి పరిశీలించడం అవసరం.

'దూన్' అనగా పర్వతశ్రేణుల నడుమనున్న లోయ. ఉత్తరాన ముస్సోరి కొండలు, దక్షిణాన శివాలిక్ కొండలు, తూర్పున గంగ, పడమట యమున ఈ లోయకు ఎల్లలు. సముద్రమట్టానికి సుమారు 640 మీటర్ల ఎత్తున డెహ్రాడూన్ నెలకొని ఉన్నది. సిక్కుల ఏడవ గురువైన హరరాయ్ కుమారుడు రామరాయ్ 17వ శతాబ్దంలో ఇక్కడ డేరా వేసి నివసించడం వల్ల నగరానికి ఈ పేరు వచ్చిందని చెబుతారు. ఏడాదికి సుమారు 200 సెంటీమీటర్ల వర్షం కురుస్తుంది. ఇది హైదరాబాదు వర్షపాతానికి రెండు రెట్ల కంటె ఎక్కువ. సాలవృక్షాల అడవులు, లిచీ తోటలు, బాస్మతి వరి పొలాలు ఈ లోయకు పేరు తెచ్చాయి.

ప్రకృతి ఒక్కటే నగరాన్ని నిర్మించలేదు. 1900లో రైలుమార్గం వచ్చిన తరువాత డెహ్రాడూన్ విద్యలకు, పరిశోధనలకు నిలయమయింది. 1906లో అటవీ పరిశోధన సంస్థ, 1932లో సైనిక శిక్షణ అకాడమీ, 1935లో డూన్ స్కూల్ ఏర్పడ్డాయి. దేశపటాలను రూపొందించే సర్వే ఆఫ్ ఇండియా ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉన్నది. 1951లో దేశంలోని తొలి బ్రెయిలీ ముద్రణాలయం ఇక్కడ ప్రారంభమయింది. హిమాలయాల పుట్టుకను, కదలికలను అధ్యయనం చేసే వాడియా సంస్థ 1976లో ఢిల్లీ నుండి ఇక్కడికి తరలివచ్చింది. కృష్ణా-గోదావరి ప్రాంతంలో చమురు, సహజవాయువులను వెలికితీస్తున్న ఓఎన్‌జీసీ కూడా 1956లో డెహ్రాడూన్ కేంద్రంగానే రూపొందింది. ఈ సంస్థలలో చదువుకొనడానికి, పనిచేయడానికి దేశం నలుమూలల నుండి జనులు వచ్చారు. పదవీ విరమణ తరువాత అక్కడే స్థిరపడినవారూ అనేకులు.

మైదానాల నుండి వచ్చేవారు చల్లని గాలిని, ప్రశాంతతను కోరి వస్తారు. ఎగువ కొండల పల్లెల నుండి దిగివచ్చేవారి కథ వేరు. వారి ఊళ్లలో గాలికి, పచ్చదనానికి కొరత లేదు. ఉన్నత పాఠశాల, ఆసుపత్రి, నెలజీతపు ఉద్యోగం మాత్రం దూరం. రాష్ట్రప్రభుత్వం 2017లో నియమించిన వలసల కమిషన్ పరిశీలనలో, ఊరు విడిచినవారిలో సుమారు సగం మంది ఉపాధి కోసమే వెళ్లినట్లు తేలింది. విద్య, వైద్యం తరువాతి కారణాలు. 2011 జనగణనలో పౌడీ గఢ్వాల్, అల్మోడా జిల్లాల జనాభా అంతకు ముందటి లెక్క కంటె తగ్గింది. అనేక పల్లెలలో ఇళ్లకు తాళాలు పడ్డాయి. ఒకరు కొండలను కోరి వస్తుండగా, మరొకరు కొండలలో బతకలేక వస్తున్నారు. ఇద్దరూ చేరుతున్నది ఒకే లోయకు.

2000 నవంబరు 9న కొత్త రాష్ట్రం ఏర్పడి, డెహ్రాడూన్ దాని తాత్కాలిక రాజధాని అయిన తరువాత ఈ రాక మరింత పెరిగింది. 2011 నాటికే పరిసరాలతో కలిపి నగర జనాభా ఏడు లక్షలు దాటింది. తోటలు ఇళ్ల స్థలాలయ్యాయి. పూర్వం నగరవీథుల వెంట పారిన కాలువలలో అనేకం రోడ్ల కింద కప్పబడిపోయాయి.

ఈ లోయ ఎంత సున్నితమైనదో అంతకు ముందే తెలిసివచ్చింది. ముస్సోరి కొండలలోని సున్నపురాతి పొరల పగుళ్లు వర్షపు నీటిని పట్టి ఉంచి, వేసవిలో ఊటలుగా అందిస్తాయి. గనుల తవ్వకం వల్ల ఆ ఊటలు దెబ్బతిన్నాయి. చెట్లు పోయిన వాలుల నుండి రాళ్లు, మట్టి వాగులలోకి జారాయి. 1983లో ఒక స్థానిక స్వచ్ఛంద సంస్థ వ్రాసిన లేఖనే సుప్రీంకోర్టు వ్యాజ్యంగా స్వీకరించింది. నిపుణుల చేత పరిశీలింపజేసి, 1985లో అనేక గనులను మూసివేయించింది. పని కోల్పోయే కూలీలకు చెట్లు నాటే పనులలో ఉపాధి చూపవలెనని కూడా సూచించింది. ప్రకృతిని కాపాడే ప్రయత్నంలో పేదవాని కూడు పోరాదన్న వివేకం ఆ తీర్పులో కనిపిస్తుంది.

నేడు ఆ ముప్పు వేరొక రూపం ధరించింది. నగరం గుండా పారే రిస్పనా, బిందాల్ వర్షాధార నదులు. ఏడాదిలో చాలా కాలం వాటిలో నీరు స్వల్పం. ఎండిన నదీగర్భాన్ని ఖాళీస్థలంగా భావించి జనులు ఇళ్లు కట్టుకొన్నారు. వారిలో అధికులు, మరొకచోట స్థలం కొనలేని నిరుపేదలు. వానకాలంలో నది తన దారిని తాను వెతుక్కొంటుంది. 2025 సెప్టెంబరులో కుండపోత వానలకు సహస్రధార పరిసరాలలో వాగులు పొంగి ప్రాణనష్టం జరిగింది. రోడ్లు, వంతెనలు దెబ్బతిన్నాయి. దీనికి తోడు, ఇది భూకంప ప్రమాదం గల ప్రాంతం.

అందుచేత వలస వెళ్లవద్దని ఎవరినీ శాసించలేము. మెరుగైన జీవితాన్ని కోరుకొనే హక్కు అందరికీ ఉన్నది. కాని కొండ నగరానికి ఒక హద్దు ఉంటుంది. లోయను విశాలపరచడం ఎవరి తరమూ కాదు. పాఠశాల, వైద్యాలయం, ఉపాధి ఎగువ పల్లెలకు చేరినప్పుడు అక్కడివారు నిర్బంధంగా దిగిరానక్కరలేదు. నదీమార్గాన్ని ఆక్రమించకుండా, వాననీటిని నేలలోకి ఇంకనిస్తూ, భూకంపాన్ని తట్టుకొనే ఇల్లు కట్టుకొన్నప్పుడు, కొత్తగా వచ్చినవాడు నగరానికి భారం కాక బలమవుతాడు. ఏ చల్లని గాలిని, ఏ నీటిని ఆశించి జనులు దూన్ లోయకు వస్తున్నారో, వాటిని నిలుపుకొనే బాధ్యత ఇకపై అక్కడ నివసించే ప్రతి ఒక్కరిదీ.