కాచిన కలప: ఎండ నుండి రక్షణ

పంచాయతీ భవనమునకో, పాఠశాలకో తలుపులు చేయించుటకు విజయవాడ మార్గమున హైదరాబాదు వచ్చువారికి నగరద్వారము ఎల్‌.బి. నగర్‌. అచ్చటినుండి దిల్‌సుఖ్‌నగర్‌ వరకు బాటవెంట ఇండ్ల తలుపులను పరికించినచో ఒక విషయము బోధపడును. చూరు నీడనున్న పైభాగమున కర్ర వన్నె అంతగా చెడదు. ఎండ, జల్లు తగులు క్రిందిభాగము బూడిదరంగుకు తిరిగి, సన్నని బీటలు వారును. అధికమగు వెల పెట్టి కొనిన కాచిన కలపకును ఈ బాధ తప్పదు.

గుంజను పాతుటకు ముందు మొదలు కాల్చుట మన రైతులెరిగిన పనియే. అందు మాడునది పైపొర మాత్రమే. కాచిన కలప అట్టిది కాదు. గాలి చాలవరకు తీసివేసిన బట్టీలో, 160 మొదలు 230 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి చెక్క లోపలివరకు మారును. 1990 దశకమున ఫిన్లాండులో ఈ పద్ధతి పరిశ్రమగా రూపొందినది. ఇట్టి కర్ర తేమను తక్కువగా పీల్చును. వానకాలమున తలుపు ఉబ్బి బిగియుట తగ్గును. కుళ్లు త్వరగా పట్టదు. అయితే కొంత పెళుసెక్కును గనుక దూలములకు వాడరాదు. చెదలను ఆపునని నమ్మరాదు.

ఎండ చేయు హాని వేరు. కర్రనారలను అంటిపెట్టియుంచు జిగురువంటి పదార్థము లిగ్నిన్‌. ఎండలోని అతినీలలోహిత కిరణములు దానిని విరుగగొట్టును, వాన కడిగివేయును, వెలవెలబోయిన నార మిగులును. బెంగుళూరులోని కలప విజ్ఞాన, సాంకేతిక సంస్థవారు రబ్బరు కలపను, అరకు కాఫీతోటలలో నీడకు పెంచు సిల్వర్‌ ఓక్‌ జాతి కలపను కాచి పరీక్షించి, కాచుటవలన ఈ చెరుపు ఆగదని 2012లో ప్రకటించిరి. చెరుపు సుమారు వెంట్రుక మందమంత లోతుననే యుండును. గరుకు కాగితముతో రుద్దినచో లోపలి వన్నె మరల బయటపడును.

దుకాణములలో అద్దమువంటి వార్నీషును తరచు చూపుదురు. చూపునకు సొంపైనదే, కాని వెలుగును లోనికి పోనిచ్చు పూత ఎండను ఎట్లాపగలదు? క్రింద కర్ర చెడి, పూత పొరలుగా ఊడును. రంగుపొడి కలిసిన పూతయే మేలు. మన గోడల జాజుకు ఎరుపునిచ్చు ఇనుప ఆక్సైడే ఈ పూతలలోను కిరణములను అడ్డగించును. తలుపు బిగింపకముందే, కోసిన చివరలతో సహా, రెండు పూతలు వేయింపవలెను. కొన్ని వారములు ఎండలో నిలిచిన పిదప పూసినచో పట్టు తగ్గును. అవిసెనూనె వాడినచో తుడిచిన గుడ్డలను కుప్పవేయరాదు. అవి తమంతట అంటుకొనగలవు.

మిట్టమధ్యాహ్నపు ఎండను వెడల్పైన చూరు చాలవరకు ఆపును. పడమటి తలుపునకు చూరు చాలదు, సాయంకాలపు ఎండ వాలుగా వచ్చును. వసారాయో, తడికయో కావలెను. ఏటేట వేసవికి ముందు పడమటి తలుపులను చూచి, వన్నె వెలిసినచోట మరల పూత వేయించు ఖర్చును కొనుగోలు తీర్మానములోనే చేర్చవలెను.