పగలు డ్యూటీ... రాత్రి సెల్టిక్‌తో పోటీ!

జులై, ఆగస్టు నెలలు గల్ఫ్‌లో ఎట్లా ఉంటాయో మన వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. ఇక్కడ దుబాయ్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని బంద్. సైట్లో నీడ చూసుకుని అట్టముక్క పరుచుకుని పడుకుంటాం. సరిగ్గా ఆ రోజుల్లోనే యూరప్‌లో ఛాంపియన్స్ లీగ్ క్వాలిఫయింగ్ రౌండ్లు మొదలవుతాయి. పెద్ద క్లబ్బుల ఆటగాళ్ళు అప్పటికింకా సెలవుల్లోనో, ప్రాక్టీస్ మ్యాచుల్లోనో ఉంటారు. బరిలోకి దిగేవి మాత్రం మనం పేరు కూడా వినని జట్లు!

మన తెలుగువాళ్ళం క్రికెట్ మనుషులం. మాకు ఈ పిచ్చి అంటించింది మా స్టోర్‌కీపర్, మలయాళీ. పన్నెండేళ్ళ కిందట డిప్లొమా సర్టిఫికెట్ పట్టుకుని మేము ఈ దేశం వచ్చినప్పుడు మాకు ఫుట్‌బాల్ అంటే వరల్డ్ కప్పే. క్యాంపులో ఆయన ఫోన్ ముందు కూర్చుని ఎవరో ముక్కూమొహం తెలియని జట్ల ఆట చూస్తుంటే నవ్వుకునేవాళ్ళం. "ఫైనల్ చూడవయ్యా, ఇదేం చూస్తావు" అంటే, "ఇక్కడే సార్ అసలు మజా" అనేవాడు.

అసలు సంగతి ఇదీ. 2024 నుంచి ఛాంపియన్స్ లీగ్ అసలు దశలో 36 జట్లు ఆడుతున్నాయి. అందులో 29 జట్లు నేరుగా వస్తాయి. మిగిలిన 7 సీట్ల కోసమే ఈ క్వాలిఫయింగ్ కొట్లాట. ఇంగ్లండ్, స్పెయిన్ లాంటి దేశాల్లో నాలుగో స్థానంలో వచ్చిన జట్టుకు కూడా నేరుగా ప్రవేశం ఉంటుంది. చిన్న దేశంలో ఫస్టు వచ్చి ఛాంపియన్ అయినవాడు మాత్రం నాలుగు రౌండ్లు దాటాలి. ఒక్కో రౌండుకు ఇంటి దగ్గర ఒకటి, బయట ఒకటి, మొత్తం ఎనిమిది మ్యాచ్‌లు. కంపెనీ వీసా మీద దర్జాగా దిగినవాడికీ, ఏజెంట్ చుట్టూ తిరిగి, మెడికల్‌కు రెండుసార్లు పోయి దిగినవాడికీ ఉన్నంత తేడా అన్నమాట. తేడా న్యాయమా అంటే, మాకైతే కాదనే అనిపిస్తుంది. కానీ తలుపు పూర్తిగా మూయలేదు కదా, అదే పదివేలు.

ఒక్కోసారి పెద్దవాళ్ళకూ ఈ దారి తప్పదు. 2005 మే నెలలో ఇస్తాంబుల్‌లో కప్పు గెలిచిన లివర్‌పూల్, ఇంగ్లండ్ లీగులో ఐదో స్థానంలో ఉండిపోయింది. దాంతో ఆ జులైలో మొదటి రౌండు నుంచే ఆడాల్సి వచ్చింది. ఎదురుగా వేల్స్ జట్టు, పేరు టోటల్ నెట్‌వర్క్ సొల్యూషన్స్! కంపెనీ పేరే జట్టు పేరు. లివర్‌పూల్ రెండు మ్యాచ్‌లూ 3-0తో గెలిచింది లెండి.

మాకు బాగా నచ్చిన కథ మాత్రం జిబ్రాల్టర్‌ది. స్పెయిన్ చివర, సముద్రం అంచున పెద్ద కొండ. ఏడు చదరపు కిలోమీటర్లు కూడా లేని చోటు. స్టేడియం పక్కనే విమానాల రన్‌వే. యూరప్ ఫుట్‌బాల్ సంఘంలో వాళ్ళకు సభ్యత్వం దొరికిందే 2013లో. అక్కడి లింకన్ రెడ్ ఇంప్స్ జట్టులో చాలామందికి ఫుట్‌బాల్ బతుకుతెరువు కాదు. పగలు ఉద్యోగం, తర్వాత ఆట. 2016 జులై 12న ఆ స్టేడియానికి స్కాట్లాండ్ నుంచి సెల్టిక్ వచ్చింది. 1967లో యూరప్ కప్పు ఎత్తిన క్లబ్బు అది. రెండో సగం మొదలైన కాసేపటికే లీ కాసియారో గోల్ కొట్టాడు. ఆయన వయసు 34, ఉద్యోగం పోలీసు. అంతకు ముందటి ఏడాది గ్లాస్గోలోనే స్కాట్లాండ్ మీద జిబ్రాల్టర్ తరఫున గోల్ కొట్టిందీ ఆయనే. ఆ రాత్రి 1-0తో సెల్టిక్ ఓడింది. వారం తర్వాత గ్లాస్గోలో 3-0తో బదులు తీర్చుకుని ముందుకు పోయిందనుకోండి. ఆ తర్వాత 2021లో లింకన్ జట్టు కాన్ఫరెన్స్ లీగ్ గ్రూపు దశకు చేరింది. జిబ్రాల్టర్ నుంచి అక్కడి దాకా వెళ్ళిన మొదటి క్లబ్బు అదే.

పోలీసు గోల్ కొట్టాడంటే మన హైదరాబాదీలు ఆశ్చర్యపోనక్కర్లేదు. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది రహీం సాబ్ తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టే కదా!

స్టోర్‌కీపర్ ఈ పోలీసు కథ చెప్పినప్పుడు మేము పైకి నవ్వాం గానీ లోపల గుచ్చుకుంది. దానికి కారణం ఉంది. 2019లో క్యాంపుల మధ్య శుక్రవారాలు చిన్న టోర్నమెంటు జరిగింది. మా గ్యాంగులో షట్టరింగ్ హెల్పర్, నిజామాబాద్ పిల్లగాడు, మంచి గోల్‌కీపర్. గురువారం సాయంత్రం వచ్చి, "అన్నా, రేపు ఒక్కరోజు వదలుండ్రి, క్వాలిఫయింగ్ మ్యాచ్ ఉంది" అన్నాడు. మర్నాడు స్లాబ్ పోయాలి, మనుషులు తక్కువ. "క్వాలిఫయింగే కదరా, ఫైనల్ అయితే చూద్దాం" అన్నాం. "ఇది గెలిస్తేనే గదన్నా ఫైనల్" అన్నాడు, అంతే. పొద్దున్నే డ్యూటీకొచ్చాడు. కాంక్రీట్ పంపు మూడు గంటలు లేటు. అంతసేపూ వాడు మా ఎదురుగా ఖాళీగా కూర్చున్నాడు. అక్కడ గోల్‌కీపర్ లేక జట్టు ఓడింది. మరుసటి ఏడాది కరోనాలో వాడు ఇంటికి పోయాడు, మళ్ళీ రాలేదు.

2025 ఆగస్టు 26 రాత్రి మాత్రం మేమే స్టోర్‌కీపర్ పక్కన చోటు పట్టుకున్నాం. కజకిస్థాన్ క్లబ్బు కైరాత్ అల్మాటీ మొదటి రౌండు నుంచి ఆడుకుంటూ చివరి మెట్టు దాకా వచ్చింది. రెండో రౌండులో ఫిన్లండ్ జట్టు చేతిలో ముందు 0-2తో ఓడి, సొంత ఊళ్ళో 3-0తో తేరుకుంది. మూడో రౌండు పెనాల్టీల మీద దాటింది. ఇప్పుడు ఎదురుగా మళ్ళీ సెల్టిక్! రెండు మ్యాచ్‌లూ 0-0. పెనాల్టీలు. కైరాత్ గోల్‌కీపర్ తెమిర్లాన్ అనార్బెకోవ్, 21 ఏళ్ళవాడు, మూడు ఆపాడు. 3-2తో సెల్టిక్ ఇంటికి, కైరాత్ అసలు దశకు. అక్కడ అడుగుపెడితే చాలు, ఒక్కో క్లబ్బుకు 1.86 కోట్ల యూరోలు వస్తాయి. చిన్న క్లబ్బుకు అది ఎన్నేళ్ళ జీతాలో లెక్క వేసుకోండి.

సెప్టెంబర్ 30న రియల్ మాడ్రిడ్ అంతదూరం ఎగిరి అల్మాటీకి వచ్చి 5-0తో కొట్టింది. రూంలో కొందరు వెటకారం చేశారు. మేము చేయలేకపోయాం. వాళ్ళ వీధిలోకి మాడ్రిడ్ రావడానికి వీళ్ళు జులై నుంచి ఎనిమిది మ్యాచ్‌లు ఆడారు మరి.

ఆ పెనాల్టీల రాత్రే నిజామాబాద్‌కు వాట్సాప్‌లో ఆ వీడియో పంపి, "నువ్వు గుర్తొచ్చావురా" అని రాశాం. పొద్దున జవాబు వచ్చి ఉంది.

"మస్తుగ ఆపిండన్నా. ఆ రోజు స్లాబ్ మంచిగనే వచ్చిందా?"