గుండె ‘లబ్ డబ్’ అని ఎందుకు అంటుంది?

మీ తమ్ముడి ఛాతీకి చెవి ఆనించి వినండి. వాడు చక్కిలిగింతలని నవ్వకుండా ఉంటే ‘లబ్ డబ్, లబ్ డబ్’ అని వినబడుతుంది. ఆ చప్పుడు తలుపులు మూసుకునే చప్పుడు!

గుండెలో నాలుగు గదులు: పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. పైగదికీ కిందిగదికీ మధ్యా, రక్తం బయటికి పోయే దారుల్లోనూ, అన్నీ కలిపి నాలుగు కవాటాలు. ఇవి ఒకవైపుకే తెరుచుకునే పలచటి తలుపులు. జఠరికలు ముడుచుకోగానే రక్తం వెనక్కి, పైగదుల్లోకి పోబోతుంది. ఆ తోపుకే మధ్య తలుపులు రెండూ మూసుకుంటాయి: ‘లబ్’. ఇక రక్తం ధమనుల్లోకి దూకాల్సిందే. జఠరికలు వదులవగానే అక్కడినుంచి వెనక్కి జారబోతుంది. ఈసారి ధమనుల మొదట్లో ఉన్న తలుపులు మూసుకుంటాయి: ‘డబ్’. కుడి జఠరిక రక్తాన్ని పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు పంపితే చాలు. ఎడమది ఒళ్లంతటికీ పంపాలి, అందుకే దాని గోడ బాగా మందం.

మరి కొట్టుకొమ్మని ఎవరు చెబుతారు? మెదడు కాదు. కుడి కర్ణిక గోడలోని చిన్న కణాల గుంపు తనంతట తానే విద్యుత్తు పుట్టిస్తుంది. మెదడు ఆ వేగాన్ని పెంచగలదు, తగ్గించగలదు, అంతే. పరీక్ష పేపరు చేతికొచ్చినప్పుడు చూశారుగా!

1816లో పారిస్‌లో లెన్నెక్ అనే డాక్టరు కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి గుండె విన్నాడు. స్టెతస్కోపు అలా పుట్టింది. మీరూ ఒక కాగితం చుట్టి, గడియారం చూస్తూ లెక్కపెట్టండి. ఊరికే కూర్చున్న పెద్దవాళ్లకు నిమిషానికి 60 నుంచి 100 సార్లు. తమ్ముడు పసివాడైతే ఇంకా ఎక్కువే.