పసిచేతులకు వంటింటి రంగులు

మొన్న ఒక తల్లి పదునాలుగు నెలల బాబును ఎత్తుకొని మా వైద్యశాలకు వచ్చింది. “ఫోను చూపితేగాని ముద్ద దిగదండీ, మందేదైనా ఇవ్వండి” అన్నది. పరీక్షించాను. దేహంలో దోషమేమీ కనబడలేదు. “మందు అక్కరలేదమ్మా, చేతులకు పని కావలెను” అన్నాను. రెండేళ్ళు నిండని బిడ్డలకు తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో సూచించింది.

చరకసంహిత శారీరస్థానం ఎనిమిదవ అధ్యాయంలో బాలుర ఆటవస్తువుల లక్షణాలున్నాయి. అవి రంగురంగులుగా, శబ్దం చేసేవిగా, మనోహరంగా, తేలికగా ఉండవలెను. మొన తేలినవి, నోటిలో దూరేవి, ప్రాణం తీసేవి, భయపెట్టేవి కారాదు. గురుకులంలో ఈ భాగాన్ని కంఠస్థం చేసినవాడినే నేను. అయినా ఒకసారి ఏడాదిన్నర మనుమరాలి ముందు పళ్ళెంలో పెసలు పోసి, చేతులాడించుకొమ్మని కూర్చోబెట్టాను. వీధిలో ఎవరో పిలిస్తే లేచి వెళ్ళి వచ్చేసరికి గింజ ముక్కులో ఉన్నది! ముక్కు వైద్యుడు పరికరంతో తీశాడు. అది ఊపిరిగొట్టంలోకి పోయి ఉంటే? పాఠం నోటికి వస్తే చాలదని ఆనాడు తెలిసింది.

గంజి రంగులు: కూర్చోవడం వచ్చి, అన్నం అలవాటైన బిడ్డకు ఇది తగును. కప్పు నీటిలో రెండు చెంచాల బియ్యప్పిండి కలిపి, చిక్కబడేవరకు కాచి, పూర్తిగా చల్లార్చవలెను. మూడు భాగాలు చేసి బీట్‌రూట్ రసం, ఉడికించిన పాలకూర రసం, మెత్తని గుమ్మడికాయ గుజ్జు విడివిడిగా కలపండి. పెద్ద పళ్ళెంలో వేసి, వ్రేళ్ళతో పులమనివ్వండి. పది నిమిషాలు చాలును. మిగిలినది పారవేయవలెను. బీట్‌రూట్ మింగితే మలమూత్రాలు ఎర్రబడవచ్చు, బెదరకండి.

నీటి చిత్రాలు: నడక వచ్చిన బిడ్డకు తడిగుడ్డ ఇచ్చి, నీడపట్టున నల్లబండపై గీయనివ్వండి. గీత ఆరిపోతుంది, మళ్ళీ గీస్తాడు.

పిండిముద్ద: గోధుమరొట్టె తినడం అలవాటైన బిడ్డకు ఉప్పు వేయని చపాతీపిండి ఇచ్చి, అరచేతి ముద్రలు వేయించండి. పెద్దలు పుదీనా, కొత్తిమీర నలిపి, ఒక్కొక్క వాసన చూపవచ్చును.

కూడనివి: పప్పులు, పూసలు, చింతగింజలు మూడేళ్ళలోపు వద్దు. గురివింద గింజ ఎంత అందమైనదైనా విషం. కర్పూరం మింగితే మూర్ఛలు వస్తాయి. పసుపులో సున్నం కలిస్తే ఎరుపు రావడం ముచ్చటే గాని, సున్నం కంటిని కాల్చును. మెరుపు కోసం పసుపులో సీసపు రంగు కలిపిన ఉదంతాలున్నందున అంగడి పసుపు, కుంకుమలను ఈ ఆటకు వాడరాదు. నీళ్ళ బకెట్టు దగ్గర బిడ్డను క్షణమైనా విడువరాదు. అన్నిటికంటె ముఖ్యం, పెద్దవారొకరు చేయిచాపు దూరంలో కూర్చొని ఉండవలెను. పిలుపు వస్తే బిడ్డను ఎత్తుకొనియే లేవండి.

పక్షం తరువాత ఆ తల్లి మళ్ళీ వచ్చింది. “ఇల్లంతా ఎర్రమరకలేనండీ” అన్నది. “మరి ముద్ద?” అని అడిగాను. “తన చేత్తోనే తింటున్నాడు. సగం నేలపాలు” అని నవ్వింది.

మిగిలిన సగం చాలునన్నాను.