పక్కింటి కొత్త కిటికీ మన ఆంగన్‌లోకి తెరుచుకుంటే?

పక్కింటివాళ్ళు పైన గది వేస్తున్నారు, కిటికీ సరిగ్గా మన ఆంగన్ వైపే పెడుతున్నారు. ఇంట్లో ఆడవాళ్ళ పర్దా సంగతేంటి? మున్సిపాలిటీ ఆపుతుందనే చాలామంది అనుకుంటారు. తెలంగాణలో 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల వరకు స్థలంలో జీ ప్లస్ 1 ఇంటికి పర్మిషనే అక్కర్లేదు. రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. ఇక కిటికీ ఎటుందో ఎవరు చూస్తారు?

1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 18వ సెక్షన్‌లో మాత్రం సరిగ్గా ఇదే ఉదాహరణ ఉంది: ఊరి ఆచారం ఉంటే, పొరుగింటి మరుగు పోయేలా కొత్త కిటికీ పెట్టకూడదు. కానీ ఆ ఆచారం మన ఊళ్ళో ఉందని కోర్టులో మనమే రుజువు చేయాలి. అదే కష్టం. వెలుతురు, గాలి విషయంలో దారి కాస్త నయం. మన కిటికీకి 20 ఏళ్లుగా అడ్డులేకుండా వస్తున్న వెలుతురు కొత్త గోడతో బాగా తగ్గిపోతే స్టే అడగొచ్చు.

నన్నడిగితే ముందు పెద్దవాళ్ళొకరిని వెంటబెట్టుకుని వెళ్ళి ప్లాన్ చూపించమనండి. కిటికీ బదులు ఆరడుగుల పైన వెంటిలేటరో, జాలీనో, మసక అద్దమో పెట్టమని అడగండి. ఒప్పుకుంటే కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు చేయండి. ఇదంతా గోడ లింటెల్ దాకా రాకముందే కావాలి. తర్వాతైతే గోడ పగలగొట్టాలి, ఆ ఖర్చు ఎవరిదని ఇంకో జగడా.