గ్యాసు ఎక్కడికి పోయింది?

వేసవి వచ్చిందంటే హైదరాబాదు పాతబస్తీ ఇళ్ళలో ఒక మాట తరచు వినబడుతుంది. ఉన్నట్టుండి ఏ.సీ. చల్లగాలి ఇవ్వటం మానేస్తుంది. మెకానిక్కు వచ్చి చూసి, "గ్యాసు అయిపోయిందమ్మా, నింపాలి," అంటాడు. నింపి, డబ్బు తీసుకుని వెళతాడు. మరుసటి వేసవిలో మళ్ళీ అదే మాట, మళ్ళీ అదే ఖర్చు.

దీపంలో నూనె అయిపోతుంది. స్కూటరులో పెట్రోలు అయిపోతుంది. అవి మండి ఖర్చవుతాయి గనక అయిపోతాయి. కాని ఏ.సీ.లో గ్యాసు మండదే! మరి అదెలా అయిపోతుంది? దీనికి జవాబు తెలియాలంటే, ముందు ఏ.సీ. చేసే పని ఏమిటో తెలుసుకోవాలి.

ఏ.సీ. చలిని తయారు చేస్తుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. బావిలో నీళ్ళను పంపు పైకి తోడినట్టు, ఏ.సీ. గదిలోని వేడిని తోడి బయట పోస్తుంది. అందుకే దాన్ని "హీట్ పంపు" అనవచ్చు, అంటే వేడిని తోడే పంపు. మన ఇంట్లోని ఫ్రిజ్ కూడా హీట్ పంపే. దాని వెనకవైపో, పక్కవైపో వెచ్చగా ఉంటుంది, గమనించారా? లోపలి పాల నుంచీ కూరల నుంచీ తోడిన వేడి అక్కడ బయటికి వస్తుంది.

నీరు తనంతట తాను పల్లానికి పారుతుంది. పైకి ఎక్కాలంటే పంపు కావాలి. వేడి సంగతీ అంతే. అది వేడిగా ఉన్న చోటి నుంచి చల్లగా ఉన్న చోటికి తనంతట తానే పోతుంది. అంతేగాని 26 డిగ్రీల గదిలో నుంచి 42 డిగ్రీల వీధిలోకి తానుగా పోదు. 1966 జూన్ 2వ తేదీన హైదరాబాదులో 45.5 డిగ్రీల ఎండ కాసింది. అలాటి రోజున వేడిని ఎంత ఎత్తుకు తోడాలో చూడండి!

ఈ తోడటం ఎలా జరుగుతుంది? సూది వేసే ముందు డాక్టరుగారు స్పిరిటు రాస్తే చల్లగా ఉంటుంది. స్పిరిటు ఆవిరి అయేటప్పుడు మన చర్మం నుంచి వేడిని లాక్కుంటుంది. ఇది ఒక సంగతి. సైకిలు ట్యూబులో గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు వేడెక్కుతుంది. గాలిని నొక్కితే అది వేడెక్కుతుంది. ఇది రెండో సంగతి. ఏ.సీ.లో ఈ రెండు సంగతులే ఉన్నాయి.

ఏ.సీ.కి గదిలో ఒక పెట్టె, బయట ఒక పెట్టె ఉంటాయి. రెంటినీ కలుపుతూ రాగి గొట్టం ఉంటుంది. ఇప్పటి చాలా ఏ.సీ.ల గొట్టాలలో ఆర్-32 అనే పదార్థం తిరుగుతూ ఉంటుంది. మామూలు ఒత్తిడి దగ్గర ఇది సున్నాకు దిగువ 52 డిగ్రీల చలిలోనే మరుగుతుంది! లోపలి పెట్టెలో ఇది ఆవిరి అవుతూ గదిలోని వేడిని లాక్కుంటుంది. బయటి పెట్టెలో ఉన్న కంప్రెసరు ఆ ఆవిరిని గట్టిగా నొక్కుతుంది. అప్పుడది వీధిగాలి కంటె కూడా వేడెక్కి, తన వేడిని ఆ గాలికి వదిలేసి, తిరిగి ద్రవం అవుతుంది. తరువాత ఒక సన్నని దారి గుండా వచ్చి, ఒత్తిడి తగ్గి, చల్లబడి, మళ్ళీ గదిలోకి ప్రవేశిస్తుంది.

ఈ యంత్రాన్ని ఇల్లు వెచ్చబరచటానికి కూడా వాడవచ్చునని విలియం థామ్సన్ అనే శాస్త్రజ్ఞుడు 1852లోనే చెప్పాడు. ఆయనే తరువాత లార్డ్ కెల్విన్ అయాడు. చలిదేశాలలో ఇప్పుడు ఎన్నో ఇళ్ళు ఇలా బయటి వేడిని లోపలికి తోడుకుంటున్నాయి.

ఇక మన ప్రశ్నకు జవాబు దొరికినట్టే. ఏ.సీ.లో గ్యాసు కావడి మోసేవాడి వంటిది. కావడివాడు నీళ్ళు మోస్తాడుగాని, నీళ్ళతోబాటు తానూ అయిపోడు గదా! గొట్టం సరిగా మూసి ఉన్నంతకాలం గ్యాసు ఏళ్ళ తరబడి ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడిందన్న మాట. చిల్లు పూడ్చకుండా గ్యాసు నింపటం చిల్లికుండలో నీళ్ళు పోసినట్టే.

అయితే, చల్లదనం తగ్గిన ప్రతిసారీ తప్పు గ్యాసుది కాదు. పాతబస్తీలో మొదట చూడవలసినది దుమ్ము. చార్మినారు 1591లో కట్టినది. ఆ చుట్టుపట్ల పాతకాలపు దేవిడీలకు మందమైన సున్నపు గోడలు, ఎత్తయిన కప్పులు, మధ్య వాకిళ్ళు ఉండేవి. ఇప్పుడు గల్లీలు ఇరుకు, ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. బయటి పెట్టెను రెండు గోడల మధ్య సందులో తగిలిస్తారు. అందులో పావురాలు గూళ్ళు పెడతాయి. ఈకలూ దుమ్మూ రేకుల మధ్య ఇరుక్కుంటాయి.

ఒకటిన్నర టన్నుల ఏ.సీ. అంటే బరువు కాదు. ఒక టన్ను అంటే రోజుకు 907 కిలోల మంచును కరిగించేటంత వేడి. ఆ లెక్కన ఒకటిన్నర టన్నుల ఏ.సీ. రోజల్లా పూర్తిగా పనిచేస్తే 1,360 కిలోల మంచును కరిగించేటంత వేడిని సందులో పోస్తుంది! ఆ వేడి పోవటానికి దారి లేకపోతే అదే వేడిగాలి తిరిగి పెట్టెలోకి వస్తుంది. కంప్రెసరు ఆయాసపడుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది. అందుకని బయటి పెట్టె ముందు సామాను పెట్టకూడదు. దాని గాలి పొరుగువారి కిటికీకి ఎదురుగా కొట్టకుండా చూడటం కూడా మర్యాద.

లోపలి పెట్టెలో జల్లెడ వంటి ఫిల్టరు ఉంటుంది. వేసవిలో రెండు వారాలకు ఒకసారి, స్విచ్ ఆపి, పెద్దవాళ్ళు దాన్ని తీసి ఇస్తే, మీరు పంపు కింద కడిగి నీడన ఆరబెట్టవచ్చు. ఫిల్టరు మూసుకుపోతే లోపలి గొట్టాల మీద మంచు కడుతుంది. గ్యాసు తగ్గినా మంచు కడుతుంది! రోగలక్షణం ఒకటే, కారణాలు రెండు. కనక ముందు ఖర్చులేని వైద్యం చెయ్యాలి: ఫిల్టరు కడిగి, మంచు కరిగాక మళ్ళీ వేసి చూడాలి. గదిలో నీళ్ళు కారుతుంటే, చాలాసార్లు నీళ్ళు పోయే గొట్టంలో పాచి అడ్డుపడి ఉంటుంది.

అప్పటికీ చల్లబడకపోతే మెకానిక్కును పిలవాలి. "గ్యాసు అయిపోయింది," అని అతడు అంటే అమ్మ ఇలా అడగవచ్చు: "భయ్యా, లీకు ఎక్కడుందో చూశారా?" పని తెలిసిన మెకానిక్కు ఈ ప్రశ్నకు సంతోషిస్తాడు. అతను గొట్టంలో నత్రజనిని ఒత్తిడితో నింపి, అతుకుల మీద సబ్బునురగ రాస్తాడు. పంక్చరు షాపులో ట్యూబును నీళ్ళలో ముంచినప్పటిలాగే, చిల్లు ఉన్న చోట బుడగలు వస్తాయి. నూనె మరక ఉన్న అతుకును ముందుగా అనుమానిస్తాడు, ఎందుకంటే గ్యాసుతోబాటు కంప్రెసరు నూనె కూడా తిరుగుతుంది. చిల్లు పూడ్చాక గొట్టంలోని గాలినీ చెమ్మనూ పంపుతో లాగేసి, ఏ.సీ. మీద రాసి ఉన్న బరువు ప్రకారం గ్యాసును తూచి నింపుతాడు. దీనికి గంటలు పడుతుంది, ఖర్చూ ఎక్కువే. కాని ఏటా నింపించే బాధ తప్పుతుంది.

కారిపోయిన గ్యాసు మాత్రం ఎక్కడికి పోతుంది? ఆకాశంలోకి. పాత ఏ.సీ.లలోని ఆర్-22 ఓజోను పొరను పలచబరుస్తుంది. ఇటువంటి పదార్థాలను మానటానికి 1987లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. 1992లో భారతదేశం అందులో చేరింది. ఆర్-32 ఓజోనుకు హాని చెయ్యదుగాని, భూమిని వేడెక్కిస్తుంది. నూరేళ్ళ లెక్కలో అది కార్బన్ డయాక్సైడు కంటె సుమారు 675 రెట్లు బలమైనది. అరకిలో ఆర్-32 కారితే 337 కిలోల కార్బన్ డయాక్సైడును వదిలినట్టు! మన గది చల్లబడటానికి తెచ్చిన గ్యాసే అందరి ఇళ్ళనూ వేడి చేస్తుంది. అందుకే రిపేరు చేసేటప్పుడు మిగిలిన గ్యాసును గాలిలోకి వదలక, సిలిండరులోకి పట్టుకోవాలి.

పిల్లలు ఎన్నడూ చెయ్యకూడని పనులు ఉన్నాయి. పిట్టగోడ ఎక్కి బయటి పెట్టెను ముట్టకూడదు. దాని మూత తీయకూడదు: లోపల కెపాసిటరు అనే భాగంలో స్విచ్ ఆపిన తరువాత కూడా షాకు కొట్టే విద్యుత్తు మిగిలి ఉండవచ్చు. ఆర్-32కు మండే గుణం కొంత ఉన్నది. రిపేరు జరిగేటప్పుడు దగ్గర అగ్గిపుల్ల వెలిగించరాదు.

ఇక మీటను 18 డిగ్రీలకు తిప్పకండి. 2020 జనవరి నుంచి మన దేశంలో స్టారు గుర్తుగల ఏ.సీ.లను 24 డిగ్రీల దగ్గర అమర్చి అమ్ముతున్నారు. తోడే ఎత్తు తగ్గితే పంపుకు శ్రమ తగ్గుతుంది గదా! ఈసారి మీ ఇంట్లో, "గ్యాసు అయిపోయింది," అనే మాట వినబడితే, మీరు మర్యాదగా అడగండి: "అది ఎక్కడికి పోయింది?"